పసిబిడ్డకి పిల్లికూతలు వస్తే ఇంట్లో ఏం చూడాలి

మూడేళ్లు నిండేలోపు సుమారు ముగ్గురు పిల్లల్లో ఒకరికి ఒక్కసారైనా పిల్లికూతలు వస్తాయి. వాళ్లలో ఎక్కువమందికి ఆరేళ్లకల్లా అవి పోతాయి కూడా. పసివాళ్ల గాలిగొట్టాలు సన్నం. జలుబుకి కాస్త వాచినా, కొంచెం కఫం చేరినా ఈల మోగుతుంది. ఒక్క కూతకే ఉబ్బసం అని ముద్ర వేసేయకండి.

ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. ఒక్కో ముక్కురంధ్రంలో రెండు చుక్కలు సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి మందు) వేసి, అయిదు నిమిషాలాగి వినండి. గురగుర తగ్గితే అది ముక్కుదే. ఊపిరి వదిలేటప్పుడు సన్నని ఈల ఉంటూనే ఉంటే ఛాతీది.

తర్వాత చొక్కా తీసి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట లేవడం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిర్లు లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కని నాలుగింతలు చేస్తే తప్పొస్తుంది. పసివాళ్ల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి నడుస్తుంది. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన అయిదేళ్ల లోపు 40 వచ్చినా, దాటినా అదే రోజు డాక్టరుకి చూపించాలి. డొక్కలు లోపలికి లాగేస్తున్నా, పాలు తాగలేకపోయినా, మూలుగుతున్నా, పెదాలు నీలమైనా 108కి ఫోన్ చేయండి. వైరస్ జలుబైతే మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా ముదరడం మామూలే. శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లవాళ్లు ఆసుపత్రికి పొద్దుండగానే బయల్దేరడం మేలు. వాతలు పెట్టడం, ముక్కులో నూనె పోయడం వద్దే వద్దు; ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుంది.

డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే మాస్కున్న స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) తప్పనిసరి. ఇన్‌హేలర్ని బాగా ఊపి, స్పేసర్‌కి బిగించి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, ఒక్క పఫ్ నొక్కి, అయిదారు ఊపిర్లు తీసేదాకా కదపకండి. రెండోదానికి మళ్లీ ఊపాలి. రెండూ ఒకేసారి కొడితే మందు తక్కువ చేరుతుంది. చెంప దగ్గర సందున్నా అంతే, మందంతా గాల్లోకే. స్పేసర్ని సబ్బునీళ్లలో కడిగి ఆరనివ్వండి. లోపల గుడ్డతో తుడిస్తే మందు గోడలకే అంటుకుంటుంది.

ఇక పొగ. స్నానం చేయించాక వేసే సాంబ్రాణి, కట్టెల పొయ్యి, దోమల చక్రం, పలాస వైపు జీడిపిక్కలు కాల్చే పొగ, అన్నీ కూతని పెంచేవే. సాంబ్రాణి మానేయమంటే అమ్మమ్మలకి కోపమొస్తుంది, అయినా మానిపించాల్సిందే.

జలుబు లేకుండా కూడా కూతలు మళ్లీమళ్లీ వస్తుంటే, తల్లికో తండ్రికో ఉబ్బసం ఉంటే, బిడ్డకి ఎగ్జిమా (దురదపెట్టే చర్మవ్యాధి) ఉంటే అప్పుడు ఉబ్బసం మాట డాక్టరుని అడగండి. అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్ల హఠాత్తుగా పొలమారి, దగ్గి, కూత మొదలైతే మాత్రం అది వేరే సంగతి. జీడిపప్పు పలుకో, పల్లీ గింజో గాలిగొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు. దగ్గు సద్దుమణిగినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అది ఇన్‌హేలర్‌తో తగ్గదు, బ్రాంకోస్కోపీ (గాలిగొట్టంలోకి సన్నని కెమెరా గొట్టం దింపడం) చేసి తీయాల్సిందే.