గ్యారేజ్ పిట్‌లో నీళ్లు: దారి తేలాకే సిమెంటు కలపండి

కారు కింద పనికోసం ఇంటి పార్కింగ్‌లో కట్టుకున్న పిట్‌లో నీళ్లు కనబడగానే చాలామంది వాటర్‌ప్రూఫ్ కోటింగ్ డబ్బా కొనుక్కొస్తారు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడకుండా వేసిన కోటింగ్ మరుసటి వానాకాలానికే పొక్కులు లేచి ఊడుతుంది.

ముందు సంపు చూడండి. మన ఇళ్లలో సంపు కూడా పార్కింగ్ కిందే, చాలాసార్లు పిట్‌కి నాలుగైదు అడుగుల్లోనే ఉంటుంది. రాత్రి మోటారు ఆపి, సంపులోకి వచ్చే వాల్వు కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత గీయండి. మూత ఉన్న సంపులో ఒక్క రాత్రికి నీళ్లు ఆవిరై తగ్గేది లెక్కలోకి రాదు. తెల్లారేసరికి మట్టం గీత దిగిందంటే బాగు చేయాల్సింది సంపుని, పిట్‌ని కాదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష మానేసి పిట్ గోడలు చెక్కించడం అన్యాయం.

వాన పడ్డ గంటల్లోనే వచ్చి, త్వరగా ఆగిపోతే

సంపు బాగానే ఉండి, వాన పడ్డాక లేదా మొక్కలకు నీళ్లు పెట్టాక వెంటనే పిట్ తడుస్తోందా? లైటు పైపుని అనుమానించండి. పిట్ లైటు కోసం మీటర్ బోర్డు నుంచో గేటు లైటు నుంచో పీవీసీ పైపు మట్టిలోంచి తెస్తారు. సొల్యూషన్ రాయకుండా దూర్చిన జాయింట్లలోంచి పైపులోకి నీళ్లు దిగి, వాలు పిట్ వైపే కాబట్టి నేరుగా లైటు బాక్సు దాకా వస్తాయి. బాక్సు చుట్టూ ప్లాస్టరింగ్ గట్టిగా ఉంటే అక్కడ చుక్క కూడా కనబడదు. ప్లాస్టరింగ్ వెనకాలే జారి, గోడ, ఫ్లోర్ కలిసే మూలలో బయటపడతాయి. అందుకే అందరూ ఆ మూలనే చెక్కి పూడుస్తారు, తర్వాతి వానకు మరో అడుగు పక్కన ఊట మొదలవుతుంది.

తేల్చుకోవాలంటే మెయిన్ ఎమ్‌సీబీ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, బాక్సు విప్పి పైపులోకి పొడి గుడ్డ దూర్చి తీయండి. తడి అంటితే దారి దొరికినట్టే. పైపు చివర ఒక్కటే మూస్తే సరిపోదు: నీళ్లు పైపులో నిలిచి వైర్లను నానబెడతాయి, పైపుకీ గోడకీ మధ్య సందులోంచి మళ్లీ వస్తాయి. వైర్లు లాగేసి, రెండు చివర్లూ మూసి ఆ పైపుని వదిలేయండి. పైపు చుట్టూ రెండంగుళాల లోతు చెక్కి, త్వరగా గట్టిపడే ప్లగ్ సిమెంటు, దాని మీద కుంచించుకుపోని గ్రౌట్ (సందులు నింపే సిమెంటు మిశ్రమం) నింపండి. కొత్త లైను నేలపై నుంచి పిట్ అంచు మీదుగా దించండి. లైటు 12 లేదా 24 వోల్టులదై, స్విచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ పిట్ బయటే ఉండాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పిట్ అడుగునే పేరుకుంటుంది, స్విచ్చు నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

రోజుల తరబడి నిదానంగా ఊరితే

ఇది భూగర్భ జలం. సాధారణంగా గోడ, ఫ్లోర్ కలిసే జాయింటులోంచే వస్తుంది. ఒకటిన్నర అంగుళం లోతున గాడి చెక్కి, కడిగి, ప్లగ్ సిమెంటు, గ్రౌట్ వేసి, మూలను గుండ్రంగా తీర్చి, అడుగు ఎత్తు వరకు పాలిమర్ సిమెంటు కోటింగ్ రెండు పూతలు వేయండి. ఇటుక గోడైతే ఇది ఎక్కువకాలం నిలవదు.

నడి వానాకాలంలో మాత్రం పిట్ మొత్తం తోడేయొద్దు. ఫ్లోర్ కంటే మీటరు ఎత్తున భూజలం ఉంటే, చదరపు మీటరుకి టన్ను బరువుతో కిందినుంచి తోస్తుంది. ఆరంగుళాల కాంక్రీట్ ఫ్లోర్ బరువు చదరపు మీటరుకి సుమారు 375 కిలోలే. గోడలతో కలిపి కమ్మీ కట్టకపోతే ఫ్లోర్ పగిలి లేస్తుంది. మట్టం దిగాక తోడి, మూలలో అడుగు లోతు గుంట చేసి, నీటి మట్టం పెరగ్గానే తనంతట తిరిగే ఫ్లోట్ స్విచ్చు పంపు, అదీ నిప్పురవ్వ బయటికి రాని (ఫ్లేమ్‌ప్రూఫ్) రకం, పెట్టుకోండి. కోనసీమ లాంటి డెల్టా నేలల్లో, కొద్ది అడుగుల్లోనే నీళ్లు తగిలే చోట, పిట్ పూడ్చి కారు ఎక్కించే ర్యాంపులు వాడటమే మేలు.

మిగతావి

మురుగు వాసన వస్తే డ్రైనేజీ చాంబర్ చూడండి. నీళ్లు లేకుండా చెమ్మ మాత్రమే ఉంటే రెండడుగుల పాలిథీన్ ముక్క నాలుగు అంచులా టేపుతో ఫ్లోర్‌కి అంటించి ఒక రోజు ఉంచండి. తడి పైన ఉంటే గాలిలోని తేమే, మూతపలకల మధ్య సందు వదిలితే తగ్గుతుంది. కింద ఉంటే ఊట, జాయింటు పని తప్పదు.