టీ పొడి వాపసు తెచ్చే ముందు

సికింద్రాబాద్‌లో మాది లూజు టీ పొడి కొట్టు. వారానికి ఒకరైనా విప్పిన ప్యాకెట్ పట్టుకొచ్చి, "అన్నా, ఈసారి పొడి బాగోలేదు" అంటారు. మారు మాట్లాడకుండా మార్చి ఇస్తాను. కానీ అందులో చాలా ప్యాకెట్లకు ఏ రోగమూ ఉండదు. టీ పెట్టడం మీకు వచ్చు కాబట్టి అది చెప్పను. ఎక్కడ చెడిందో పట్టుకోవడమే చెబుతాను.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. పాలు, చక్కెర, అల్లం ఏవీ లేకుండా వట్టి నీళ్ళలో పొడి వేసి, వడగట్టి, గాజు గ్లాసులో పోసి వెలుగుకు పెట్టి చూడండి. పాలు పోశాక ఏ లోపమూ కనబడదు. రెండు నిమిషాల పని. ఇది చేసి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చప్పగా ఉంది, రంగు దిగలేదు

పొడి రకం మారింది, మీ చేయి మారలేదు. డస్టు సన్నగా ఉంటుంది, వేయగానే రంగు దిగుతుంది, చెంచాలో బరువు కూడా ఎక్కువ పడుతుంది. గుళికల పొడిని అదే చెంచాతో వేసి, అంతే సేపు మరిగిస్తే చప్పగానే ఉంటుంది. ఇంకో అర చెంచా వేయండి, ఇంకో నిమిషం ఉంచండి. టీ రుచి చూసేవాళ్ళ ప్రామాణిక లెక్క 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాములు, 6 నిమిషాలు నానబెట్టడం. ఇంట్లో అంత పట్టింపు అక్కర్లేదు కానీ, ఒక్కసారి తూచి చూస్తే మీరు ఎంత తక్కువ వేస్తున్నారో తెలుస్తుంది.

కడక్ కావాలంటే అస్సాం, వాసన కావాలంటే నీలగిరి. నేను తాగేది నీలగిరి గుళికలు రెండు పాళ్ళు, అస్సాం డస్టు ఒక పాలు. మా ఆవిడకు అది నచ్చదు, ఆమెకు వట్టి డస్టే కావాలి. ఒక ఇంట్లో రెండు డబ్బాలు ఉంటే తప్పేం లేదు.

వగరు, చేదు

ఎక్కువ మరిగించారు. లేదా పొద్దుటి పిప్పి మీదే కొత్త పొడి వేశారు. ఇరానీ చాయ్ గంటల తరబడి పొయ్యి మీదే ఉంటుంది కదా అంటారు. అక్కడ డికాక్షన్ సన్నటి సెగ మీద, మూత కింద ఉంటుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి. మీరు అన్నీ కలిపి తెగ మరిగించి ఆ రుచి రాలేదంటే ఎలా?

పాలు విరిగాయి

అల్లం పాలు పోశాక వేశారా? పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. నీళ్ళలో ముందే మరిగిస్తే దాని పని అయిపోతుంది. బెల్లం టీ అయితే స్టవ్ ఆపాక కలపండి.

రంగు నల్లబారింది, రుచి చచ్చింది, ఒక్కోరోజు మాత్రం బాగుంటుంది

దీని దగ్గరే నేను బాగా దెబ్బతిన్నాను.

ఏళ్ళ తరబడి మా దగ్గరే కొనే ఒక టీచరమ్మ కొత్త అపార్ట్‌మెంట్‌కు మారాక వరసగా మూడుసార్లు ప్యాకెట్ తిరిగి తెచ్చారు. మూడుసార్లూ పొడి మార్చాను. నాకే అనుమానం వచ్చి, హోల్‌సేల్ వ్యాపారితో గొడవపడి ఒక బస్తా వెనక్కి పంపేశాను. నాలుగోసారి ఆమె ప్యాకెట్లోంచే తీసి కొట్లో టీ పెట్టి ఇచ్చాను. "ఇది బాగుందే! మీ చేతి మహిమ" అన్నారు. నా చేతికి అంత మహిమ లేదు. మర్నాడు వాళ్ళింటి నీళ్ళు సీసాలో తెమ్మన్నాను.

అదే పొడి, అదే చెంచా, రెండు గ్లాసులు. మా నల్లా నీళ్ళది ఎర్రగా, అవతలి వైపు వేళ్ళు కనబడేలా ఉంది. ఆమె నీళ్ళది తుప్పు నానబెట్టినట్టు నల్లగా, మసకగా ఉంది. కాసేపటికి దాని మీద మెరిసే పొర కట్టింది. చెంచా మొన తగిలిస్తే పలకలు పలకలుగా పగిలింది. పాల టీలో అయితే ఆ తెట్టును మీగడ అనుకుంటాం.

అవి బోరు నీళ్ళు. అలాంటి నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ. బైకార్బొనేట్లు డికాక్షన్‌లోని పులుపును చంపేస్తాయి, దాంతో రంగు నల్లబడి చురుకు పోతుంది. కాల్షియం పైన తెట్టు కట్టిస్తుంది. కందిపప్పు ఉడకక సతాయించే నీళ్ళు, సబ్బుకు నురగ రానివ్వని నీళ్ళు టీని మాత్రం ఎందుకు వదులుతాయి?

ఇది దొరకకుండా తిరగడానికి కారణం సంపు, అంటే అన్ని నీళ్ళూ చేరే నేల కింది ట్యాంకు. నల్లా వచ్చిన రోజు మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో ఉంటాయి, మిగతా రోజుల్లో బోరు, ట్యాంకరు కలుస్తాయి. అందుకే సోమవారం బాగున్న టీ బుధవారం బాగోదు, నింద పొడి మీద పడుతుంది.

"మాకు ఆర్‌ఓ ఉంది" అంటారా? టీ గిన్నె ఎక్కడ నింపుతున్నారో చూసుకోండి. తాగడానికి ఆర్‌ఓ, టీకి సింకు కుళాయి. ఎలాగూ మరుగుతాయి కదా అని. ఆ టీచరమ్మ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. బిల్డింగ్‌కు సాఫ్ట్‌నర్ ఉన్నా నమ్మకండి. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, బైకార్బొనేట్లు అలాగే ఉంటాయి. తెట్టు తగ్గినా రంగు తేలదు. నీళ్ళ రిపోర్టు బాగుందన్నా అంతే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం (నీళ్ళలో కాల్షియం లాంటి లవణాల లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. తాగొచ్చు, టీకి మాత్రం పనికిరావు. నిమ్మకాయ పిండితే రంగు తేలింది కాబట్టి నీళ్ళదే తప్పు అనేవాళ్ళూ ఉన్నారు. నిమ్మరసం ఏ టీ రంగునైనా తేలుస్తుంది, అది పరీక్ష కాదు.

మందు: టీకి కూడా ఆర్‌ఓ నీళ్ళో, నల్లా నీళ్ళో, క్యాన్ నీళ్ళో వాడండి. అవేవీ లేకపోతే రాత్రే పది నిమిషాలు బాగా మరగనిచ్చి, తెల్లటి మడ్డి అడుక్కు దిగాక పై నీళ్ళు వంపుకోండి. మరిగిస్తే పోయే రకం కాఠిన్యానికే ఇది పనిచేస్తుంది. మడ్డి దిగకపోతే క్యాన్ తెప్పించుకోవాల్సిందే.

ఇంగువ వాసన

డబ్బా మూత వదులు, పక్కనే పోపుల పెట్టె. చోటు మార్చండి.

కల్తీ, రంగు కలిపారేమో

అరుదు. తెల్లని వడపోత కాగితం మీద పొడి చల్లి నీళ్ళు చిలకరించండి, పొడి దులిపేసి మరకలు చూడండి. రంగు మచ్చలు గాఢంగా పడితే మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళకండి. మాదైనా సరే.

ఇవన్నీ చూశాక కూడా బాగోలేదంటే ప్యాకెట్‌తో పాటు మీ ఇంటి నీళ్ళు అర లీటరు తెండి. టీ గిన్నెలో ఏ కుళాయి నీళ్ళు పోస్తారో అవే. స్టవ్ కొట్లోనే ఉంది.