మేండలిన్ శ్రీనివాస్ వాద్యాన్ని వినే పద్ధతి

పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గొప్ప మేండలిన్ వాదకులని మన గోదావరి జిల్లాల్లో అందరూ అంటారు గాని, ఎందుకని అడిగితే చాలామంది "చిన్నతనంలోనే కచేరీలు చేశారు" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. వయసు సంగతి పక్కన పెట్టి చెవితోనే ఆ గొప్పతనాన్ని పట్టుకోదలచినవారు, సంగీతం నేర్చుకోకపోయినా, ఈ విధంగా వినవచ్చు.

ముందుగా, సాహిత్యం నోటికి వచ్చిన త్యాగరాజ కీర్తననొకదానిని ఎంచుకొని గాత్రంలో రెండు మూడుసార్లు వినాలి. వసిష్ఠ గోదావరికి అవతల శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ పాడినదైతే మరీ మంచిది. ఆయన గొంతులో మాట చెదరదు. ఆ తరువాతనే దానిని మేండలిన్ మీద వినాలి. ఈ వరుసకు కారణముంది: గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మేండలిన్ వాదకులు కారు, ఆయన పాడుతుంటే శిష్యుడు ఆ పాటను తీగల మీదికి తెచ్చుకొనేవారు. కనుక మనసులో సాహిత్యం పాడుకుంటూ, ఏ అక్షరం దగ్గర మీటు పడుతున్నదో, ఏ దీర్ఘం దగ్గర మీటు లేకుండానే స్వరం సాగుతున్నదో గమనించాలి.

అసలు విశేషం ఆ సాగడంలోనే ఉంది. మామూలు మేండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది గనుక పాశ్చాత్య వాదకులు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటి నిలబెడతారు. మన రాగానికి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం, ప్రాణం; జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడమో కష్టం. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మేండలిన్‌ను చేపట్టి, నాదం నిలిచేటట్లు చేసుకొని, తీగను లాగుతూ, వేలిని జారుస్తూ గమకాన్ని రాబట్టారు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణపై అదే రాగాన్ని విని చూస్తే, తీగల కింద అడ్డంగా ఉండే మెట్లు విశాలంగా ఉన్నచోట సహజంగా వచ్చే ఊపును ఇరుకు మెట్ల మీద సాధించడం ఎంత పనో తెలుస్తుంది.

ఫోను స్పీకరులో ఈ సూక్ష్మాలు వినబడవు, ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. వేగమైన స్వరకల్పన (స్వరాలను అప్పటికప్పుడు అల్లే భాగం) దగ్గర మొదలుపెట్టకండి. చప్పట్లు అక్కడే పడతాయి గాని, నా మట్టుకు ఆయన విద్వత్తు విలంబంలోనే, అంటే నెమ్మదైన నడకలోనే, ఎక్కువగా బయటపడుతుంది. తాళం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపనలో మేండలిన్ వదిలిన రాగపు పలుకును పక్కవాద్యమైన వయొలిన్ అందుకొనే చోట కళ్ళు మూసుకొని, మేండలిన్ మీటు నాదం ఎక్కడ ముగిసి వయొలిన్ కమాను నాదం ఎక్కడ మొదలైందో పోల్చుకోవడానికి ప్రయత్నించి, తెలియకపోతే వెనక్కి జరిపి మళ్ళీ వినండి.