పిస్టల్ గురి, 5వ పాఠం: కార్డు చూసి తప్పు పట్టడం

పట్టు, నిలబడే తీరు, సైట్లు (పిస్టల్ మీద గురి చూసుకునే ముందు, వెనక గుర్తులు) చూడటం కిందటి పాఠాల్లో అయిపోయాయి. ఈసారి కాల్చిన కార్డును, అంటే కాగితపు టార్గెట్‌ను, చదవడం నేర్చుకుందాం. లెక్కంతా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి, కుడిచేత్తో కాల్చేవాళ్లకి చెబుతున్నాను. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదవండి.

ముందుగా ఒక నియమం. ఒక్క షాట్ చూసి ఏ తప్పూ తేల్చకండి. సైటు స్క్రూ ముట్టుకోకుండా ఒకే కార్డు మీద పది పెల్లెట్లు కాల్చండి. రెండు షాట్లు పక్కకు పోగానే స్క్రూడ్రైవర్ తీసేవాళ్లను రేంజ్‌లో రోజూ చూస్తుంటాం. వాళ్ల పిస్టల్ పాపం సాయంత్రానికి ఎటు కాలుస్తుందో దానికే తెలియదు.

పదీ ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు మాత్రం మధ్యలో లేకపోతే చేతి తప్పు కాకపోవచ్చు. రియర్ సైటును గుంపు ఎటు పోవాలో అటే జరపండి, చాలు. చెల్లాచెదురుగా పడితేనే అసలు పని మొదలవుతుంది.

చేయి వణుకుతోందని చాలామంది బెంగ పడతారు. కాస్త లెక్క వేద్దాం. టార్గెట్ నడుమ ఉండే పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. సైట్లు సరిగ్గా వరసలో ఉండి, చేయి మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగితే షాట్ కూడా అంతే జరుగుతుంది, పదిలోనే ఉంటుంది. అదే ఫ్రంట్ సైటు రియర్ సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు తిరిగితే? రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకుంటే, 10 మీటర్ల దగ్గర తేడా 30 మిల్లీమీటర్లు. పెల్లెట్ ఏడు రింగు అంచుకు పోతుంది. అందుకే చూపు ఫ్రంట్ సైటు మీదే ఉండాలి, టార్గెట్ మీది నల్ల చుక్క మసగ్గా కనబడాలి. వణుకుని భరించండి, సైట్ల వరస తప్పితే మాత్రం ఊరుకోకండి.

ఇక అందరికీ వచ్చే జబ్బు: కింద ఎడమకు పడటం. వేలు ఒక్కటే కదలాల్సిన చోట చెయ్యంతా నిమ్మకాయ పిండినట్టు బిగుసుకుంటే ముక్కు కిందికి, ఎడమకి వంగుతుంది. ఎయిర్ పిస్టల్‌కి తన్ను దాదాపు ఉండదు కాబట్టి తాము అదరమనుకుంటారు. కానీ ఇక్కడ అదురు భయంతో రాదు, ఆశతో వస్తుంది. సైట్లు చక్కగా కుదిరిన క్షణంలో మనసు 'ఇప్పుడే!' అంటుంది, వేలు లాగేస్తుంది. పోటీ నిబంధనల ప్రకారం ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. ఆ బరువును ఒక్కసారిగా కాక, సైట్లు కుదురుకుంటున్నప్పుడే మెల్లగా పెంచుతూ పోవాలి.

ఇదే జబ్బో కాదో తేల్చుకోవడానికి రేంజ్‌లో తోటివాళ్ల సాయం తీసుకోండి. పిస్టల్ ముక్కు టార్గెట్ వైపే ఉంచి, మీకు తెలియకుండా ఒకసారి పెల్లెట్ పెట్టి, ఒకసారి డ్రై మోడ్‌లో (పెల్లెట్ పేలకుండా ట్రిగ్గర్ మాత్రమే పడేలా) పెట్టి ఇమ్మనండి. ఉత్త ట్రిగ్గర్ పడినప్పుడు ఫ్రంట్ సైటు కిందికి దూకిందా, దొంగ దొరికినట్టే.

షాట్లు నిలువుగా సాగితే మణికట్టు సడలుతోందేమో, ఊపిరి ఒక్కోసారి ఒక్కోలా ఆపుతున్నారేమో, మరీ ఎక్కువసేపు పట్టుకుంటున్నారేమో చూడండి. ఎనిమిది, పది సెకన్లలో షాట్ రాకపోతే చేయి దించేయండి. అడ్డంగా సాగితే కాళ్లను అనుమానించండి. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, తెరిచి చూడండి. గురి కుడికి పోయి ఉంటే చేతిని లాగకండి, వెనక పాదాన్ని మడమ వైపుకి కాస్త జరపండి.

విశాఖలో ఇంకొకటి ఉంది, ఉక్కపోత. చెమటకి గ్రిప్ జారి, సిరీస్ మధ్యలో పట్టు మారిపోతుంది. మొదటి ఐదు బాగా పడి తర్వాతివి చెదిరితే ట్రిగ్గర్‌ని తిట్టేముందు అరచెయ్యి తుడుచుకోండి.

ఆన్‌లైన్‌లో దొరికే చక్రంలాంటి చార్టు గురించి కూడా అడుగుతారు. పైకి పడితే అరచేతి మడమతో నెట్టారు, ఎడమకి పడితే వేలు సరిగ్గా పెట్టలేదు అని రాసి ఉంటుంది. అనుమానానికి పనికొస్తుంది, తీర్పుకి కాదు. సైట్లు సరిచేయని పిస్టల్‌కి ఆ చార్టు చెప్పేవన్నీ అబద్ధాలే.

ఈ వారం పని: నోటుబుక్కులో టార్గెట్ గీసుకోండి. ప్రతి షాట్ తర్వాత కార్డు వైపు గానీ మానిటర్ వైపు గానీ చూడకముందే, ట్రిగ్గర్ పడినప్పుడు సైటు ఎక్కడుందో అక్కడ చుక్క పెట్టండి. తర్వాత అసలు షాట్ పోల్చండి. రెండూ కలిస్తే మీ కన్ను నిజం చెబుతోంది, తప్పు చేతిదని తెలిసింది. కలవకపోతే ట్రిగ్గర్ పడే క్షణంలో మీరు కళ్లు మూస్తున్నారు, లేదా చూపు టార్గెట్ మీదికి పోతోంది. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ ముందు రోజూ పావుగంట ట్రిగ్గర్ సాధన చేయండి. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో బాల్కనీలో మాత్రం వద్దు, ఎదురు ఫ్లాటు వాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తారు.

ఆరో పాఠానికి ఆ నోటుబుక్కు పేజీలు దగ్గర పెట్టుకోండి. వాటిని బట్టే ఊపిరి సంగతి మొదలుపెడతాం.