శబ్దంతో నెట్‌వర్క్‌ను కనిపెట్టే టూల్: లైనక్స్‌లో ప్యాకేజీ కట్టడం, మూగబోతే బాగుచేయడం

నెట్‌వర్క్‌లో ఏం జరుగుతోందో చెవితో తెలుసుకోవడం కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పీప్ అనే టూల్ 2000 నాటికే ఈ పని చేసింది. దాని సర్వర్ సీ భాషలో, లాగులు (ఘటనలు నమోదయ్యే ఫైళ్లు) చదివే క్లయింట్లు పెర్ల్ భాషలో ఉండేవి. అలాంటి పాత టూల్‌నైనా, సొంతంగా రాసుకున్నదాన్నైనా డెబియన్, ఉబుంటులకు ప్యాకేజీ చేసేటప్పుడు వచ్చే చిక్కు ఒకటే. గ్రాఫ్ ఆగిపోతే కంటికి కనిపిస్తుంది. శబ్దం ఆగిపోతే మాత్రం నెట్‌వర్క్ నిమ్మళంగా ఉందో, టూలే చచ్చిందో తేలదు. ఈ రెండు నిశ్శబ్దాలూ వేర్వేరుగా వినిపించేలా ప్యాకేజీ కట్టాలి.

ముందు రెండు ముక్కలు చేయండి

ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో తిరిగే డేటా ముక్కలు) పట్టడానికి ప్రత్యేక హక్కు కావాలి. శబ్దం వినిపించడానికి లాగిన్ అయిన యూజర్ సెషన్ కావాలి. పైప్‌వైర్, పల్స్ఆడియో అనే సౌండ్ సర్వర్లు రెండూ యూజర్ తరఫున నడుస్తాయి. వాటి సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే ద్వారం) ఆ యూజర్ రన్‌టైమ్ డైరెక్టరీలో ఉంటుంది. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, నడిచే సర్వీసుకు అది అందదు. అందుకే, టెర్మినల్‌లో చక్కగా మోగిన ప్రోగ్రామ్ సర్వీసుగా మార్చగానే మూగబోతుంది. మొత్తం రూట్‌లో నడిపేసి సరిపెట్టుకోవద్దు.

ప్యాకెట్లు పట్టే క్యాప్చర్ డీమన్‌ను (తెర వెనుక నడిచే ప్రోగ్రామ్) సిస్టమ్ సర్వీసుగా, ప్లేయర్‌ను యూజర్ సర్వీసుగా పెట్టండి. మధ్యలో ఒక యునిక్స్ సాకెట్, దానికి ఒక గ్రూపు, అనుమతులు 0660 (యజమాని, గ్రూపు మాత్రమే చదవగలరు, రాయగలరు). వినాల్సిన యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఆ యూజర్‌కు లింగర్ (లాగౌట్ తర్వాతా సర్వీసులు నడిపే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే అదీ చాలదు: లాగౌట్ అయినా యూజర్ మేనేజర్ పాత గ్రూపులతోనే బతికి ఉంటుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తేనే కొత్త గ్రూపు పడుతుంది.

డీమన్ 5 సెకన్లకోసారి ప్లేయర్‌కు హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నానన్న సందేశం, పంపాలి. వచ్చినప్పుడల్లా చిన్న టిక్ వినిపించండి. 15 సెకన్లు రాకపోతే ఇంకే సందర్భంలోనూ వాడని ఒక శబ్దం మోగించండి. టిక్ విసుగు పుట్టిస్తుందని దీన్ని ఆపేసే వీలు పెట్టమంటారు. వాల్యూమ్ తగ్గించే వీలు ఇవ్వండి, ఆపేసేది వద్దు.

ప్యాకేజీ లోపల

ప్యాకేజీ కట్టే డెబ్‌హెల్పర్ టూల్‌ను కంపాట్ స్థాయి 13తో మొదలుపెడితే, బిల్డ్ ఆదేశాలుండే రూల్స్ ఫైలు నాలుగు లైన్లు దాటదు. సౌండ్ ఫైళ్లను మాత్రం వేరే డేటా ప్యాకేజీగా, ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) 'ఆల్' అని పెట్టి కట్టండి. లేకపోతే అవే వేవ్ ఫైళ్లు ప్రతి ఆర్కిటెక్చర్‌కూ మళ్లీ మళ్లీ చేరతాయి.

కోడ్ లైసెన్సు ఒకటి, శబ్దాల లైసెన్సు మరొకటి అయ్యే సందర్భాలే ఎక్కువ. కాపీరైట్ ఫైలులో సౌండ్ డైరెక్టరీకి విడిగా ఒక పేరా రాయండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో 'జీరో', 'బై 4.0' అన్నవి ఫర్వాలేదు. 'వాణిజ్యేతర వాడకానికే' అన్న షరతు ఒక్క పక్షి కూతకున్నా 'మెయిన్' అనే డెబియన్ ప్రధాన విభాగంలోకి రానివ్వరు.

బిల్డ్ అయ్యాక ప్యాకేజీ ఖాళీగా వచ్చినా, ఇన్‌స్టాల్ దశలో అనుమతి లేదని ఆగిపోయినా, బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైలు చూడండి. ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే డెస్ట్‌డిర్ వేరియబుల్‌ను పట్టించుకోకుండా నేరుగా యూఎస్ఆర్ లోకల్‌లోకి రాస్తూ ఉంటుంది. పాత సీ కోడ్ అయితే ఇంకో రెండు ఎదురవుతాయి. సీ కంపైలర్ అయిన జీసీసీ 10 నుంచి, హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా ప్రకటించిన గ్లోబల్ వేరియబుళ్లకు 'మల్టిపుల్ డెఫినిషన్' అంటూ లింకర్ ఆగిపోతుంది. జీసీసీ 14 నుంచి, ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే హెచ్చరిక కాదు, ఎర్రరే. ఎఫ్-కామన్ ఫ్లాగ్ మొదటిదాన్ని ఆ పూటకు గట్టెక్కిస్తుంది. ఎలాగూ ప్యాచ్ రాయాలి కాబట్టి ఎక్స్‌టర్న్‌లు, హెడర్లు సరిచేసి, ప్యాచ్‌లను నిర్వహించే క్విల్ట్‌లో పెట్టేయండి.

హక్కుల సంగతి. సెట్‌క్యాప్ కమాండ్‌తో బైనరీకి క్యాప్ నెట్ రా (ప్యాకెట్లు పట్టే హక్కు) ఇస్తే, అది ఫైలుకున్న అదనపు గుణంగా డిస్కు మీద ఉంటుంది. డెబ్ ప్యాకేజీ దాన్ని మోసుకురాదు. అప్‌గ్రేడ్‌లో కొత్త బైనరీ వచ్చి కూర్చోగానే హక్కు పోతుంది. నిన్నటిదాకా మోగి, అప్‌డేట్ తర్వాత మూగబోయిన టూల్‌కు, హక్కులు చూపించే గెట్‌క్యాప్ కమాండ్ ఏమీ చూపించకపోతే ఇదే కారణం. ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులో సెట్‌క్యాప్ పెట్టడం ఒక దారి. అంతకంటే సర్వీసు ఫైలులో, సర్వీసు మొదలైనప్పుడే హక్కునిచ్చే యాంబియంట్ కేపబిలిటీస్ లైను రాయడం మేలు. పెర్ల్, పైథాన్ స్క్రిప్టులకైతే అదొక్కటే దారి: స్క్రిప్టు ఫైలుకు ఇచ్చిన హక్కును కర్నెల్ లెక్కచేయదు, ఇంటర్‌ప్రెటర్‌కు ఇస్తే మెషీన్‌లోని ప్రతి స్క్రిప్టుకూ ఇచ్చినట్టే.

భద్రత కోసం సర్వీసు ఫైలును బిగించేటప్పుడు జాగ్రత్త. అడ్రస్ ఫ్యామిలీలను (సర్వీసు తెరవగల సాకెట్ రకాలను) పరిమితం చేస్తే ఏఎఫ్ ప్యాకెట్, ఏఎఫ్ యునిక్స్, ఏఎఫ్ నెట్‌లింక్ మూడింటినీ అనుమతించండి. స్క్రీన్ లేని మెషీన్‌లో ఆల్సాతో (లైనక్స్ సౌండ్ డ్రైవర్ల వ్యవస్థ) నేరుగా వాయించే ప్లేయర్‌కు ప్రైవేట్ డివైజెస్ సెట్టింగ్ ఆన్ చేయకండి; సౌండ్ డివైజులు దాని కంటికి కనపడవు. ఆ ప్లేయర్ ఏ యూజర్‌గా నడుస్తుందో ఆ యూజర్ ఆడియో గ్రూపులో కూడా ఉండాలి.

ఏమీ వినపడకపోతే

స్పీకర్ వైపు నుంచి వెనక్కి రండి. స్పీకర్‌టెస్ట్ కమాండ్ మోగితే సౌండ్ కార్డు బాగుంది. తర్వాత ప్లేయర్ ఉన్న అదే యూజర్‌గా ఒక వేవ్ ఫైలు వాయించండి. 'డివైజ్ ఆర్ రిసోర్స్ బిజీ' అని వస్తే ప్లేయర్ హార్డ్‌వేర్ డివైజును నేరుగా తెరవబోతోంది, దాన్ని సౌండ్ సర్వర్ అప్పటికే పట్టుకుని ఉంది. డీఫాల్ట్ డివైజుకు మార్చండి. డెవ్ డీఎస్పీ అనే డివైజు ఫైలు దొరకలేదంటే అది ఓఎస్ఎస్ (లైనక్స్ పాత సౌండ్ వ్యవస్థ) కాలం నాటి కోడ్. అలాంటి కోడ్‌ను కొత్త వ్యవస్థకు కలిపే ఏఓఎస్ఎస్ లేదా ప్యాడ్‌ఎస్పీ ద్వారా నడపండి. శబ్దం బాగుండి ఘటనలే రాకపోతే అదే ఇంటర్‌ఫేస్ మీద, ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెట్టండి. అక్కడ మీ మెషీన్ ట్రాఫిక్, బ్రాడ్‌కాస్ట్‌లే కనిపిస్తే తప్పు టూల్‌ది కాదు. స్విచ్ మిగతావాళ్ల ప్యాకెట్లు మీ పోర్టుకు పంపదు. స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఇతర పోర్టుల ట్రాఫిక్ నకలు మీ పోర్టుకు పంపడం) చేయించుకోవాలి.

లాగ్ ఫైలు చదివే టూల్ రోజూ ఒకే వేళకు మూగబోతే, పాత లాగుల పేరు మార్చి కొత్తవి తెరిచే లాగ్‌రొటేట్‌ను అనుమానించండి. ఫైలు పేరు మారినా టూల్ పాత ఫైలునే పట్టుకుని కూర్చుంటుంది. ఫైలు చివరి లైన్లు చూపించే టెయిల్ కమాండ్‌కు చిన్న ఎఫ్ (-f) బదులు పెద్ద ఎఫ్ (-F) ఇస్తే పేరును వెంబడిస్తుంది. ఈ మౌనం హార్ట్‌బీట్‌కు కూడా దొరకదు, ఎందుకంటే డీమన్ బతికే ఉంటుంది. లాగులోకే గంటకోసారి లాగర్ కమాండ్‌తో ఒక పరీక్ష లైను రాయించి, దానికో శబ్దం కట్టండి.

వినపడుతోంది గానీ తేడాగా ఉంటే

చిన్న శబ్దాల మొదలు తెగిపోతోందా? 5 సెకన్లు ఖాళీగా ఉంటే, పైప్‌వైర్‌ను నడిపించే వైర్‌ప్లంబర్ డివైజును నిద్రపుచ్చుతుంది. మేలుకునేలోపు 50 మిల్లీసెకన్ల టిక్ అయిపోయి ఉంటుంది. ఇంటెల్ హెచ్‌డీఏ సౌండ్ డ్రైవర్‌కు కరెంటు పొదుపు చేసే పవర్ సేవ్ వేరే ఉంది. ప్లేయర్ స్ట్రీమ్‌ను మూయకుండా, శబ్దం లేనప్పుడు సున్నాలు రాస్తూ ఉంటే రెండూ జోలికి రావు.

అన్నీ కాస్త కీచుగా, త్వరగా వినిపిస్తే 44,100 హెర్ట్జ్ ఫైలును 48,000కు మార్చకుండా వాయిస్తున్నారు; వేగం సుమారు 8.8 శాతం, స్వరం ఒకటిన్నర సెమీటోన్ పెరుగుతాయి. ట్రాఫిక్ పెరిగినప్పుడు మాత్రమే బరబరమంటే మిక్సింగ్‌లో 16 బిట్ల లెక్క 32,767 దాటి రుణ సంఖ్యగా తిరగబడుతోంది. ఫ్లోట్‌లో కూడి, చివర్లో హద్దు కట్టండి. ప్యాకెట్‌కో శబ్దం కూడా వద్దు. 200 మిల్లీసెకన్ల వ్యవధిలో వచ్చిన ప్యాకెట్లను లెక్కపెట్టి, ఆ సంఖ్య లాగరిథమ్‌ను వాల్యూమ్‌గా మార్చండి. 10 ప్యాకెట్లకూ 10,000కూ తేడా అప్పుడే చెవికి అందుతుంది.

ఇక స్పీకర్ వేరే మెషీన్‌లో ఉండి, శబ్దం నెట్‌వర్క్ మీదుగా పోతుంటే, ఆ ప్యాకెట్లనే టూల్ మళ్లీ పట్టి శబ్దం చేస్తుంది. దానికి ఇంకొన్ని ప్యాకెట్లు. ఎవరూ ఏమీ చేయకపోయినా హోరు పెరుగుతూ పోతుంటే మొదట చూడాల్సింది ఇదే. ఆ పోర్టును క్యాప్చర్ ఫిల్టర్‌లోనే మినహాయించండి. పోర్టు నంబరు కాన్ఫిగ్‌లో మారినప్పుడు ఫిల్టరూ దానితోపాటే మారేలా, రెండూ ఒకే లైను నుంచి చదివించండి.