ఐఆర్‌సీలో ప్రశ్న అడిగి జవాబు రాబట్టుకోవడం ఎలా

లినక్స్, పైథాన్ లాంటివి కాస్త లోతుగా వాడేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) గడప తొక్కుతారు. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ తయారుచేసిన ఈ చాట్ ఇప్పటికీ నడుస్తోంది. కొత్తవాళ్లు చాలామంది "హాయ్" అని కొట్టి, అయిదు నిమిషాలు చూసి, ఎవరూ పలకలేదని వెళ్లిపోతారు. అక్కడివాళ్లకు పొగరనుకుంటారు. నిజానికి అక్కడి అలవాట్లలో చాలావరకు ఆ చాట్ పనిచేసే తీరులోంచి పుట్టినవే. ఆ తీరు తెలిస్తే మర్యాదలు వాటంతటవే వస్తాయి.

ఐఆర్‌సీ అంటే ఒకే చోటు కాదు, వేర్వేరు నెట్‌వర్కులు; ఒక్కోదాంట్లో చానెళ్లనే గదులుంటాయి. ముందు మీరు వాడే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఏ నెట్‌వర్క్‌లో ఉందో దాని వెబ్‌సైట్లో చూడండి. చాలా ప్రాజెక్టులు లిబెరా చాట్‌లో ఉంటాయి. ఫ్రీనోడ్ అనే పాత నెట్‌వర్క్ నుంచి బయటికొచ్చిన నిర్వాహకులు 2021 మేలో మొదలుపెట్టిన నెట్‌వర్క్ అది. డెబియన్ అనే లినక్స్ వాళ్లు మాత్రం ఓఎఫ్‌టీసీ అనే మరో నెట్‌వర్క్‌లో ఉంటారు. మొదటిరోజుకు బ్రౌజర్లో వెబ్‌చాట్ చాలు. రోజూ ఉండాలనుకుంటే వీచాట్ (WeeChat) అనే ఐఆర్‌సీ క్లయింట్, అంటే చాట్ ప్రోగ్రాం, పెట్టుకుని, పోర్టు 6697 ఇచ్చి, మాటల్ని గుప్తంగా పంపే టీఎల్‌ఎస్ ఆన్ చేయండి. పాత 6667 పోర్టులో వెళ్లేదంతా పోస్టుకార్డు మీద రాసినట్టే, దారిలో ఎవరైనా చదవొచ్చు.

అక్కడ మీ పేరును నిక్ అంటారు. అంకెతో మొదలవకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. కొన్ని చానెళ్లలో నిక్ రిజిస్టర్ చేసుకోకపోతే మాట్లాడనివ్వరు. రిజిస్టర్ చేసేది నిక్‌సర్వ్ అనే బాట్. దానికి పాస్‌వర్డ్ పంపే కమాండును చానెల్ కిటికీలో ఎప్పుడూ కొట్టొద్దు, సర్వర్ కిటికీలోనే కొట్టండి. కమాండు మొదట్లో ఉండే స్లాష్‌కు ముందు పొరపాటున ఒక్క స్పేస్ పడితే చాలా క్లయింట్లు దాన్ని మామూలు మాటగా తీసుకుని, పాస్‌వర్డుతో సహా చానెల్లో అందరికీ చూపిస్తాయి. ఎవరైనా "హంటర్2" అన్నారంటే బయటపడ్డ పాస్‌వర్డు గురించి అంటున్నారని అర్థం. అలా జరిగితే ఆ క్షణమే పాస్‌వర్డు మార్చేయండి. పంపిన వాక్యాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు ఐఆర్‌సీ సర్వర్ పాత మాటల్ని దాచిపెట్టదు. మీరు లేనప్పుడు జరిగిన సంభాషణ మీకు ఇక దొరకదు. అందుకే పాతకాపులు రోజంతా ఆన్‌లో ఉండే యంత్రంలో, ఒక రాస్ప్‌బెరీ పైలోనో అద్దె సర్వర్‌లోనో, టీమక్స్ (మనం బయటికొచ్చినా లోపలి ప్రోగ్రాంలను నడుపుతూ ఉంచేది) లోపల వీచాట్ నడుపుతారు. కంట్రోల్ బీ, తర్వాత డీ నొక్కి బయటికొచ్చేస్తారు. వీచాట్ లోపల నడుస్తూనే ఉంటుంది. టీమక్స్ అటాచ్ అని కొడితే మళ్లీ అదే తెర. ఇలా పడి ఉండటాన్ని ఐడిల్ అంటారు. మాట్లాడకుండా చదువుతూ ఉండటం లర్క్.

కాబట్టి జాబితాలో 800 నిక్‌లు కనబడినా కీబోర్డు ముందున్నది నలుగురైదుగురే కావచ్చు. మిగతావాళ్లు ఏఎఫ్‌కే, అంటే సీటులో లేరు. వాళ్లు గంటల తర్వాత వచ్చి వెనక్కి చదువుకుంటారు. వాళ్లకు "హాయ్, ఎవరైనా ఉన్నారా?" అన్న ఒక్క వాక్యం కనబడితే చెప్పడానికేముంటుంది? అడగొచ్చా అని అడగకండి, నేరుగా అడిగేయండి. అడిగాక కనీసం మూడు నాలుగు గంటలు ఉండండి. మన రాత్రి 9 గంటలంటే యూటీసీలో 15:30. యూరప్‌లో సాయంత్రం కావస్తుంటుంది, అమెరికా తూర్పు తీరంలో ఇంకా మధ్యాహ్నం కాదు. రెండు వైపులా జనం మెలకువగా ఉండే వేళ అదే.

ప్రశ్న ఇలా కట్టండి: డెబియన్ 12, వైఫై కార్డు మోడల్ ఇది, ఇన్‌స్టాల్ తర్వాత వైఫై కనబడటం లేదు, ఫలానా కమాండుకు ఫలానా ఎర్రర్ వచ్చింది, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పెట్టి చూశాను, లాగ్ ఈ లింకులో ఉంది. అంతా ఒకటి రెండు సందేశాల్లోనే. ఒక్కో పదానికి ఎంటర్ కొడితే మధ్యలో వేరేవాళ్ల మాటలు దూరి మీ ప్రశ్న ముక్కలవుతుంది.

సందేశం పొడవుకూ హద్దుంది. ఒక వరుస మొత్తం 512 బైట్లు, అందులోనే మీ నిక్, చానెల్ పేరు, వరుస చివరి గుర్తులు. మాటకు మిగిలేది 400 పైచిలుకు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ, గుణింతానికీ, పొల్లుకూ మూడేసి. "తెలుగు" అన్న మాటకు 18 బైట్లు, "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికీ 18 బైట్లే. తెలుగు మిత్రుల చానెల్లో పెద్ద వాక్యం రాస్తే చివర తెగిపోవడం, ఒక్కోసారి ప్రశ్నార్థకం పెట్టెలు రావడం ఇందుకే. 130 గుర్తుల లోపు ఆపితే ఇబ్బంది రాదు.

లాగ్‌ను చానెల్లో అతికించొద్దు. 30 వరుసలు ఒక్కసారి పడితే సర్వర్ "ఎక్సెస్ ఫ్లడ్" అని మిమ్మల్ని బయటికి నెట్టేస్తుంది. పేస్ట్ సైట్లో, అంటే రాతను అతికిస్తే లింకిచ్చే వెబ్‌సైట్లో, పెట్టి ఆ లింకివ్వండి, అంతకుముందు పాస్‌వర్డులు, టోకెన్లు తీసేయండి. మీ డెస్క్‌టాప్ తెలుగులో ఉంటే కమాండు ముందు ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్ టు సీ (అన్నీ పెద్దక్షరాలు) చేర్చి మళ్లీ నడపండి. ఎర్రర్ ఇంగ్లీషులో వస్తుంది, అక్కడివాళ్లు చదవగలుగుతారు, వెతికినా దొరుకుతుంది.

మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి రెండు. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు ప్రశ్న ఉందని, బయటివాళ్లకు మాత్రం నమ్మకం లేదని వినిపిస్తుంది. "క్వశ్చన్" అనండి. ఇక సార్, మేడమ్ అక్కర్లేదు. నిక్ రాసి, పక్కన కోలన్ పెడితే అదే మర్యాద, మిమ్మల్ని పిలిచారని చూపే హైలైట్ కూడా వాళ్లకు వెళ్తుంది.

"ఎక్స్‌వై ప్రాబ్లమ్" అని ఎవరైనా అంటే నొచ్చుకోవద్దు. పది నిమిషాలకోసారి వైఫైని ఆపి మళ్లీ మొదలుపెట్టే స్క్రిప్టు ఎలా రాయాలని మీరు అడిగారనుకోండి. అసలు బాధ వైఫై తెగిపోవడం, దానికి కారణం పవర్ సేవింగ్ కావచ్చు. మీకు తోచిన మందు గురించి అడుగుతున్నారు, జబ్బు చెప్పండి అని దానర్థం. ఎదురుప్రశ్న వేశారంటే సాయం మొదలైనట్టే. ఆర్‌టీఎఫ్‌ఎం అంటే మాన్యువల్ చదవమని, అదీ ఒక బూతుమాట కలిపి. ఈ రోజుల్లో మంచి చానెళ్లలో అలా కొట్టిపారేయరు, పేజీ లింకు ఇస్తారు. ఇచ్చిన పేజీ చదివాకే మళ్లీ అడగండి.

ఒకరి నిక్ పిలిచి ఊరికే "పింగ్" అని వదిలేయడం చిరాకు తెప్పిస్తుంది. ఎందుకు పిలిచారో అదే వరుసలో రాయండి. అడగకుండా ప్రైవేటు సందేశమూ పంపొద్దు. తప్పు జవాబు వస్తే దిద్దేవాళ్లు అక్కడ ఉండరు.

మిగతావి వింటూంటే వచ్చేస్తాయి. ఇంగ్లీషు ఓ అక్షరం పక్కన ఒక వాలుగీత ఉంటే చెయ్యి ఊపడం, అటూ ఇటూ గీతలుంటే రెండు చేతులెత్తి సంబరం. ఎస్ స్లాష్ తప్పు స్లాష్ ఒప్పు స్లాష్ అంటే పై వాక్యంలో ఈ మాటకు బదులు ఆ మాట చదువుకోమని, రాతలో మాటలు మార్చే సెడ్ కమాండు నుంచి వచ్చింది. ఒకేసారి వందమంది మాయమైతే అది నెట్‌స్ప్లిట్, సర్వర్ల మధ్య లింకు తెగింది. కాసేపట్లో వాళ్లే తిరిగొస్తారు.

సమస్య తీరాక ఏది పనిచేసిందో చానెల్లో ఒక్క వరుస రాయండి, చెప్పినవాళ్ల నిక్ పక్కన రెండు ప్లస్సులు పెట్టండి. సీ భాషలో ఒకటి కలపడానికి వాడే గుర్తు అది. కొన్ని చానెళ్లలో బాట్ దాన్ని కర్మగా, అంటే మెచ్చుకోలు పాయింటుగా, లెక్కేస్తుంది.