‘మిక్స్‌డ్ బ్లెస్సింగ్’ను వాక్యంలో సరిగ్గా వాడటం ఎలా?

విజయనగరంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. వ్యాసం రాయమంటే చాలు, ఏదో ఒక మూల ‘మిక్స్‌డ్ బ్లెస్సింగ్’ తగిలిస్తారు. అది అక్కడ ఎందుకుందో రాసినవాళ్లకే తెలియదు. దిద్ది దిద్ది విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి: రఫ్ నోట్సు, పెన్ను. ఫోన్లో ‘వెయ్యి ఇడియమ్స్’ పీడీఎఫ్ ఉంటే తీసేయండి. ఎదురుగా ఒక తెలుగు ముక్క రాసి ఇచ్చే ఆ జాబితాల వల్లే ఇంత గందరగోళం.

1. అర్థం పట్టుకోండి. నలుగురూ మంచిదే అనుకునే విషయం, కాకపోతే తనతోపాటు కొంత చెడునూ తెచ్చింది. అంతే.

2. గ్రామర్ చూసుకోండి. ముందు ‘ఎ’ ఉండాలి: ‘ఈజ్ ఎ మిక్స్‌డ్ బ్లెస్సింగ్’, ‘హ్యాజ్ బీన్ ఎ మిక్స్‌డ్ బ్లెస్సింగ్’. ఎవరికి అన్నది చెప్పాలంటే ‘ఫర్’ వేయండి. కాస్త మెత్తగా అనాలంటే ‘సమ్‌థింగ్ ఆఫ్ ఎ మిక్స్‌డ్ బ్లెస్సింగ్’. ‘వెరీ’ మాత్రం చేర్చొద్దు. పేపర్లో కనబడినా సరే, చేర్చొద్దు.

3. ‘బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్’ నుంచి విడదీయండి. అసలు చిక్కంతా ఇక్కడే. నూటికి తొంభై మంది జారిపడే చోటు కాబట్టి నిదానంగా చదవండి.

రెండింటిలోనూ మంచీ ఉంది, చెడూ ఉంది. అందుకని ఒకటే అనుకుంటారు. తేడా కాలంలో ఉంది. బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్‌లో చెడు ముందు వస్తుంది, అది మంచేనని తర్వాత తెలుస్తుంది. తెలిశాక చెడు పెద్దగా లెక్కలోకి రాదు. మిక్స్‌డ్ బ్లెస్సింగ్‌లో రెండూ పక్కపక్కనే కాపురం చేస్తాయి, ఒకటి పోయి ఇంకొకటి మిగలదు.

జాబితా బట్టీ పట్టేకంటే భారతం గుర్తు తెచ్చుకోవడం నయం. ఊర్వశి అర్జునుడికి నపుంసకుడివి కమ్మని శాపమిచ్చింది. అజ్ఞాతవాసంలో ఆ శాపమే అతన్ని బృహన్నలగా విరాటుడి కొలువులో దాచింది. ఇది బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్. కుంతికి దూర్వాసుడు ఇచ్చిన మంత్రం వేరు. అది వరమే. దానివల్లే ధర్మరాజు, భీముడు, అర్జునుడు పుట్టారు. పెళ్లికి ముందు ఊరికే పరీక్షించి చూస్తే కర్ణుడు పుట్టి, ఆ బిడ్డను నీళ్లలో వదిలేయాల్సి వచ్చిన దుఃఖమూ దానివల్లే. ఆ కడుపుకోత ఆమెను చివరిదాకా వదల్లేదు. ఇదీ మిక్స్‌డ్ బ్లెస్సింగ్. భస్మాసురుడి వరాన్ని ఇక్కడికి తేవద్దు. అది చివరికి వాణ్ణే బూడిద చేసింది, అందులో మిక్సింగ్ ఏముంది?

ఇంకో గొయ్యి ఉంది. మంచీ చెడూ ఒకే మనిషికి తగలాలి. ‘భోగాపురం ఎయిర్‌పోర్టు వల్ల బ్రోకర్లు బాగుపడ్డారు, కౌలురైతులు దెబ్బతిన్నారు, కాబట్టి మిక్స్‌డ్ బ్లెస్సింగ్’ అని ఒకరు రాశారు. ఎవరికి? బ్రోకరుకు అంతా లాభమే, కౌలురైతుకు అంతా నష్టమే. ‘ఫర్ ది విలేజ్’ అని ఊరంతటినీ ఒక్కటిగా పెడితే ఒప్పుకుంటాను. లేదా అక్కడ రెండెకరాలున్న రైతును తీసుకోండి. ధర పెరిగి ఆస్తిపరుడయ్యాడు, ఆ ధరకే కొడుక్కి ఇంకో పది సెంట్లు కొనలేకపోతున్నాడు. ఇప్పుడు కుదిరింది.

మూడో జాగ్రత్త, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. బ్లెస్సింగ్ అన్న మాట ఉంది కనక ఆ విషయం మొదట మంచిదై ఉండాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. పరిహారం వచ్చింది కాబట్టి మిక్స్‌డ్ బ్లెస్సింగ్ అని ఒక కుర్రాడు రాశాడు. కొట్టేస్తే, “ఏటి మాస్టారూ, రెండూ ఉన్నాయి కదా!” అన్నాడు. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. చెట్టు పోయినవాడికి చెక్కు చూపించి దాన్ని దీవెన అనకూడదు. ఇంగ్లిష్ సంగతి తర్వాత, ముందు అది మర్యాద కాదు.

కోతల వేళ పడే వానకు కూడా ఈ మాట అందరికీ చెల్లదు. పనలు పొలంలో ఉన్నవాడికి అది ఉత్త నష్టం. ఆలస్యంగా నాటిన ఒక మడి గింజ పాలు పోసుకుంటూ, కోసిన ఇంకో మడి తడిసిపోతూ ఉంటే ఆ రైతుకు వాడుకోండి.

‘డబుల్ ఎడ్జ్‌డ్ సోర్డ్’ కూడా ఇదేనా అని అడుగుతారు. దగ్గరిదే. చేతిలో ఉన్న ఆయుధం వాడినవాడినే తెగ్గొట్టే ప్రమాదం ఉన్నప్పుడు అది వాడండి. రెండూ ఒకే పేరాలో పెడితే నేను మార్కులు కోస్తాను.

4. రెండు వైపులూ వాక్యంలోనే చూపించండి. ‘సెల్‌ఫోన్ ఈజ్ ఎ మిక్స్‌డ్ బ్లెస్సింగ్’ అని ఫుల్‌స్టాప్ పెడితే ఏమీ చెప్పనట్టే. ముందు మంచి, తర్వాత చెడు, తిరగేయొద్దు. ఇలా:

‘ది న్యూ బైపాస్ ఈజ్ ఎ మిక్స్‌డ్ బ్లెస్సింగ్ ఫర్ అవర్ టీ షాప్: ది డస్ట్ ఈజ్ గాన్, బట్ సో ఆర్ ది కస్టమర్స్.’

‘హర్ జాబ్ ఇన్ చెన్నై హ్యాజ్ బీన్ ఎ మిక్స్‌డ్ బ్లెస్సింగ్: షి సెండ్స్ మనీ హోమ్ ఎవ్రీ మంత్, బట్ హర్ సన్ ఈజ్ గ్రోయింగ్ అప్ వితౌట్ హర్ ఇన్ సోంపేట.’

రెండో వాక్యం చూడండి. జీతమూ ఆగలేదు, ఎడబాటూ తగ్గలేదు. మాట తీసేసినా విషయం నిలబడుతుంది. అలా నిలబడని వాక్యంలో ఈ ఇడియం పెట్టొద్దు.

5. ఇప్పుడు మీరు రాయండి. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. అక్కడ మీకు తెలిసిన ఒక కుటుంబాన్ని తీసుకుని, ఈ మార్పు వాళ్లకు మిక్స్‌డ్ బ్లెస్సింగ్ అయిందో లేదో అడిగి ఒక్క వాక్యం రాయండి. అడిగితే వాళ్లు “మాకేం తేడా లేదు బాబూ” అంటే, ఇంకో విషయం వెతుక్కోండి.